రెండోసారి తెరిచినవాళ్లు

మొదటి నమోదు

మంచినీటి సంఘంలో ఈ రోజు మెయిళ్ల పనికి చేరాను. ఇక్కడ పనిచేసే ప్రతివాళ్లూ నమోదు రాయాలట. దాన్ని ఎవరు చదువుతారని అడిగితే కార్యదర్శి భాస్కరం గారు, "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదమ్మా దైవకృపా" అన్నారు.

పొద్దున మా ఇల్లున్న తెప్ప కింద పీపాలకు పట్టిన గుల్లలు గీకాను. తాళ్లు బిగించి, గోంగూర తొట్టెలకు నీడ కట్టి, బల్లకట్టు ఎక్కేసరికి ఎండ ముదిరింది. సంఘం ఆఫీసు ఈ తెప్పల ఊరు కొత్తలంక నడిమధ్య తెప్ప మీద ఉంటుంది. మా కింద ఎక్కడో వరిపొలాలు ఉండేవని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు పాటుకి నీళ్లు బాగా తీసినప్పుడు పాత ఊరి వాటర్ ట్యాంకు నెత్తి ఒక్కటే కనిపిస్తుంది. దాని మీద నీటికాకులు కూర్చుంటాయి.

పని వినడానికి తేలిక. కొత్తలంకలో ప్రతి ఇంట్లోనూ వడపోత పెట్టె ఉంటుంది. దాని లోపలి పొర కాలానికొకసారి మార్చాలి. మార్చకపోయినా నీళ్లు రుచికి బాగానే ఉంటాయి, కిడ్నీలే పాడవుతాయి. పోయినేడు మా పేటలో ముగ్గురు అలాగే పోయారు. కొత్త పొరలు వచ్చాయి, పట్టుకెళ్లండి అని అందరికీ మెయిల్ పంపడం నా పని. ఆ మెయిల్ జనం తెరిచేలా చూడటం అసలు పని.

"తెరిచారని మనకెలా తెలుస్తుందండి?" అన్నాను.

"మెయిల్ అడుగున కంటికి ఆనని చుక్కంత బొమ్మ పెడతాం. తెరవగానే ఆ బొమ్మ మన యంత్రం నుంచి వాళ్ల ఫోనుకి వెళ్తుంది. వెళ్లిందంటే తెరిచినట్టు. ఏ టవర్ మీదుగా వెళ్లిందో కూడా యంత్రం రాసుకుంటుంది."

"తెరిస్తే చదివినట్టేనాండి?"

"తెరిస్తే తెరిచినట్టు" అన్నారాయన. "ప్రస్తుతం వందకి ముప్పైమంది తెరుస్తున్నారు. మిగతా డెబ్బై ఇళ్లవాళ్లూ ఏం నీళ్లు తాగుతున్నారో దేవుడికే తెలియాలి. దీన్ని పెంచు తల్లీ."

ఎలా పెంచాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

నాలుగో నమోదు

నాకు ముందున్నాయన పంపిన మెయిళ్లు తిరగేశాను. అన్నిటికీ ఒకటే పైవరుస: 'సభ్యులకు విజ్ఞప్తి: కాలానుగుణ వడపోత పొర మార్పిడి విషయమై'. నాకే తెరవబుద్ధి కాలేదు. తెరవకముందు జనానికి కనబడేవి రెండే, పంపినవాళ్ల పేరూ ఆ పైవరుసా. అందుకని 'మంచినీటి సంఘం' అని ఉన్నచోట నా పేరు పెట్టాను. పైవరుసలో 'మీ నీళ్లు ఉప్పగా ఉన్నాయా?' అని రాశాను. భాస్కరం గారు 'తమరి నీళ్లు' అంటే మర్యాదగా ఉంటుందన్నారు. వినలేదు.

ఇదివరకు తెల్లారే పంపేవారు. ఆ వేళకి సగం ఊరు వలల మీద ఉంటుంది. నేను పడవలు తిరిగొచ్చి, జనం భోంచేసి నడుం వాల్చే వేళకి పంపాను. మూతపడిన చిరునామాలు తీసేశాను. తెరిచినవాళ్లు వందకి నలభై దాటారు.

ఆ తర్వాత సగంమందికి 'మీ నీళ్లు' అనీ, సగంమందికి 'మన నీళ్లు' అనీ పంపి చూశాను. 'మన' గెలిచింది. వారం తిరిగాక అదే పరీక్ష మళ్లీ చేస్తే 'మీ' గెలిచింది. నీళ్లు అవే, మనుషులూ వాళ్లే. పొద్దుపోయేదాకా ఆలోచించినా కారణం అంతుపట్టలేదు.

తొమ్మిదో నమోదు

తెరిచినవాళ్లు ఒక్కసారిగా వందకి తొంభై ఎనిమిదయ్యారు.

నేను కొత్తగా చేసిందేమీ లేదు. భాస్కరం గారు పూతరేకులు తెప్పించి ఆఫీసులో అందరికీ పంచారు. "నీ పేరులోనే ఉందమ్మా" అన్నారు. నేను నవ్వి పూతరేకు పక్కన పెట్టాను. ఎందుకంటే పొరల గది తలుపు దగ్గర జనం లేరు. నిన్న వచ్చినంతమందే ఈ రోజూ వచ్చారు. ఊరంతా మెయిల్ తెరిచి, పొర మార్చుకోవాలని తెలుసుకుని, తీరిగ్గా ఇంట్లో కూర్చుందా?

సాయంత్రం మా పేటలో నలుగురిని అడిగాను. ముగ్గురు ఏ మెయిల్ అన్నారు. నాలుగో ఆవిడ, "మా తోడు ఏదో చెప్పిందమ్మా, చేపల ధరలు విన్నాను, మిగతాది వద్దన్నాను" అంది. తోడంటే ఈమధ్య మెట్టప్రాంతపు కంపెనీ ఒకటి అందరి ఫోన్లలోకీ ఊరికే పంపిన గొంతు. ఆటుపోట్లు చెబుతుంది, వంట చెబుతుంది. నా ఫోనులోనూ ఉంది. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు తట్టడం లేదు.

పదకొండో నమోదు

శాతం పక్కన పెట్టి, తెరిచినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చూస్తూ వెళ్లాను. ఒక పేరు దగ్గర ఆగిపోయాను. పెసింగి పోలయ్య.

పోలయ్య పోయిన తుపానులో పడవతో సహా గల్లంతయ్యాడు. పడవలో ఉన్న ఎవరి శవమూ దొరకలేదు. ఆయన భార్య కాసులమ్మ మా పక్క వరస తెప్పలోనే ఉంటుంది. జాబితాలోంచి ఆయన పేరు తీసేయడానికి ఆమెను అడగాలి కదా అని వెళ్లాను.

కాసులమ్మ పీతల బుట్ట అల్లుతోంది.

"ఏటి కృపమ్మా, పొర మార్సలేదని తిట్టడానికొచ్చేవా? మార్సేసేను."

"అది కాదక్కా. పోలయ్యన్న పేరు మెయిళ్లలోంచి తీసేద్దామా అని."

"తీసెయ్. ఉంచితే ఏవొచ్చుద్ది."

నేను అక్కడితో ఊరుకోవలసింది. "మరేం లేదక్కా, ఆ పేరు మీద పంపినవి ఇంకా తెరుచుకుంటున్నాయి. లెక్క తప్పుతోంది" అన్నాను.

ఆమె చేతిలో బద్ద ఆగిపోయింది.

"తెరుసుకుంటన్నాయా? ఎవురు తెరుత్తన్నారు?"

"తెలీదక్కా."

"ఆయన ఫోను ఆయన కాడే ఉంది. కవర్లో సుట్టి మెళ్లో ఏసుకోడం నేను సూసేను." ఆమె లేచి నిలబడింది. "నువ్వు సదువుకున్నదానివి. సెప్పు. పోయినోళ్లు తెరుత్తారా?"

నేను జవాబు చెప్పలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. ఆమె లోపలికెళ్లి, గూట్లో పోలయ్య ఫొటోకి వేసి ఉన్న దండ తీసేసింది.

పన్నెండో నమోదు

నాకు నేనే ఒక మెయిల్ పంపుకున్నాను. ఫోను బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ముట్టుకోకముందే 'తెరిచారు' అని యంత్రంలో పడింది.

తోడే తెరుస్తోంది. వచ్చిన ప్రతి మెయిలూ వచ్చిన క్షణాన అదే తెరిచి, చదివి, మనిషికి చెప్పాలా వద్దా అని అదే తేల్చుకుంటోంది. మా తొంభై ఎనిమిదిమందీ మనుషులు కారు.

భాస్కరం గారికి చెప్పాను. ఆయన, "అయితే మనం ఇన్నాళ్లూ ఎవరికి ఉత్తరాలు రాస్తున్నట్టు?" అన్నారు. ఆ తర్వాత నేను కాసులమ్మ ఇంటికి వెళ్లాను. ఆ నాలుగు తెప్పలూ దాటడం అంత కష్టంగా ఎప్పుడూ లేదు.

అంతా విని ఆమె ఒక్కటే అడిగింది. "ఫోను మునిగిపోతే అందులో తోడు కూడా మునిగిపోవాలి కదా?"

"తోడు ఫోనులో ఉండదక్కా. మెట్ట మీద ఎక్కడో కంపెనీవాళ్ల యంత్రంలో ఉంటుంది. ఫోను ఉన్నా లేకపోయినా అది తెరుస్తూనే ఉంటుంది."

"అయితే ఆయన లేడు."

నేను తల దించుకున్నాను.

"మంచిది" అంది కాసులమ్మ. "సెప్పేసేవు కదా. ఎల్లు. సీకటడుద్ది."

పదిహేనో నమోదు

లెక్క మార్చాను. పంపిన క్షణంలోనే తెరుచుకున్నవి యంత్రానివి, వాటిని కొట్టేశాను. ఆ తర్వాత ఎప్పుడో, రెండోసారి తెరుచుకున్నవే మనుషులవి. అలా చూస్తే అసలు శాతం పాతికకి పడిపోయింది. నేను పనిలో చేరినప్పటికంటే తక్కువ. భాస్కరం గారు ఆ అంకెను సంఘం పెద్దలకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు సెలవు పెట్టారు.

రెండోసారి తెరిచినవాళ్ల పేర్లు చూద్దామనిపించింది. తోడు మాట పట్టించుకోకుండా తమంతట తాము మా మెయిల్ చదివేవాళ్లెవరో తెలుసుకోవాలని.

అందులో పెసింగి పోలయ్య ఉన్నాడు.

తప్పు చూశాననుకున్నాను. ఒక్కసారి కాదు, నేను పంపిన ప్రతి మెయిలూ రెండోసారి తెరుచుకుంది. కొన్ని మూడోసారి కూడా. అన్నీ మధ్యాహ్నాలే. టవర్ పేరు ఉండాల్సిన చోట 'మెట్ట, దక్షిణపు గేటు' అని ఉంది.

కంపెనీ యంత్రాలు అక్కడ లేవు. అక్కడున్నది శిబిరం. నీళ్ల మీద బతికేవాళ్లు అనుమతి చీటీ లేకుండా మెట్ట ఎక్కకూడదు. పడవ విరిగి కొట్టుకుపోయినా సరే, ఒడ్డు తగిలితే పట్టుకుని అక్కడ పెడతారు.

కాసులమ్మకి ఒకసారి ఆశ ఇచ్చాను, ఒకసారి తీసేసుకున్నాను. మళ్లీ ఏ ముఖంతో వెళ్లను? వెళ్లకుండా ఎలా ఉండను? గుల్లలు గీకుతూ అదే ఆలోచన. ఒకే పీపాని రెండుసార్లు గీకినట్టు తర్వాత గమనించాను.

పదహారో నమోదు

భాస్కరం గారు సెలవు నుంచి రాగానే చెప్పేశాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"శిబిరంలో ఫోన్లు మనుషుల దగ్గరే ఉంచుతారమ్మా, గేటువాళ్ల నోటీసులు అందులోనే ఇస్తారు కాబట్టి. వచ్చినవి చదువుకోవచ్చు. ఒక్క అక్షరం బయటికి పంపడానికి వీల్లేకుండా కట్టేస్తారు."

"అయితే తెరవడం మాత్రం..."

"తెరిస్తే చుక్క బొమ్మ కదులుతుందని వాళ్లకి తెలియదు. మన సంఘంలోనే సగంమందికి తెలియదు."

లోపలున్న మనిషి జవాబు రాయలేడు. చేయగలిగింది ఒక్కటే, తెరవడం. అదీ మా మెయిళ్లనే, ఎందుకంటే పోయాడనుకున్న మనిషికి ఇంకెవరూ రాయడం లేదు.

"ఆమెకి చెప్పు" అన్నారు భాస్కరం గారు. "కానీ ఆ ఫోను ఆయన చేతిలోనే ఉందని మాత్రం మాటివ్వకు."

కాసులమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీర కొంగుకి చేతులు తుడుచుకుని, "ఏవని రాయాలి?" అంది.

పదిహేడో నమోదు

ఇలా చేశాం. ఒక్కో ప్రశ్నకి రెండు మెయిళ్లు పంపుతాం. అవునైతే మొదటిది మళ్లీ తెరవాలి, కాదైతే రెండోది. ఆ సంగతి మెయిల్ లోపల విప్పి రాశాం. గేటువాళ్లు చదివితే ఫోను లాక్కుంటారని నాకు భయం వేసింది. "వాళ్లు పైవరుస తప్ప చూడరు. మన మెయిల్ ఎవరూ లోపలికంటా చదవరన్న ధైర్యం నాకుంది" అన్నారు భాస్కరం గారు. ఆయన నవ్వకుండానే అన్నారు.

అందుకని పైవరుసలు వ్యాపారంలాగే ఉంచాను. 'మీ పొర బాగుందా?' ఒకటి. 'మీ పొర చిరిగిందా?' ఇంకొకటి. క్షేమంగా ఉంటే మొదటిది.

రెండిటినీ తోడు వెంటనే తెరిచింది. అవి లెక్కలోకి రావు. కాసులమ్మ నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. పొద్దు నడినెత్తి దాటాక 'బాగుందా' అన్నది తెరుచుకుంది. మళ్లీ తెరుచుకుంది. రెండోది అలాగే ఉండిపోయింది.

"బాగున్నాడంటక్కా" అన్నాను.

ఆమె తెరమీద ఆ వరసని వేలితో ముట్టుకుంది.

ఇరవయ్యో నమోదు

కాసులమ్మ రోజూ వస్తోంది. జంట ప్రశ్నలతో పాటు ఇంటి సంగతులూ చెప్పి రాయిస్తోంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. వెనక తెప్ప కుంగితే రెండు పీపాలు మార్పించింది. పెద్ద వల చిక్కు తీయలేక వదిలేసింది. ఎదురింటివాళ్ల కోడలు నీళ్లోసుకుంది. 'పీతల కూర వండినప్పుడు ఒక్కదాన్నే తినలేక పిల్లికి ఎట్టేత్తన్నాను' అని ఒక రోజు చెప్పి, "అది కొట్టెయ్" అని, మళ్లీ "ఉంచు" అంది. ఆ మెయిల్ అటునుంచి ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టడం మానేశాను.

తిండి పెడుతున్నారా అంటే అవునని వచ్చింది. పని చేయిస్తున్నారా అంటే అవునని వచ్చింది. దక్షిణపు గేటేనా అంటే అవును. అన్నిటికీ సూటి జవాబులు.

నిన్న కాసులమ్మ, "మా పెళ్లిలో వాన పడిందా లేదా అడుగు" అంది.

'పెళ్లినాడు వాన: నీళ్లు పట్టుకున్నవారికి' అని ఒకటి, 'పెళ్లినాడు ఎండ: నీళ్లు కొనుక్కున్నవారికి' అని ఒకటి పంపాను. మధ్యాహ్నం మొదటిది తెరుచుకుంది. కాసేపటికి రెండోది. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. పొద్దు వాలేదాకా అలాగే అటూ ఇటూ.

"అంటే ఏంటక్కా?" అన్నాను. "పడిందనా, పడలేదనా?"

కాసులమ్మ తెరకేసి చూస్తూనే ఉంది.

"పొద్దున్న ఎండ. మద్దేనం వాన" అంది చివరికి. "రెండూ నిజవే." లేచి ఇంటికెళ్లిపోయింది.

నేను అయోమయంగా కూర్చుండిపోయాను. రెండూ నిజమైతే జవాబు సరిగ్గా ఉన్నట్టే. మరి నా మనసెందుకు కుదురుగా లేదు? ఇప్పటి సంగతులకి తడుముకోని మనిషి, పెళ్లిరోజు సంగతికి అన్నిసార్లు అటూ ఇటూ ఎందుకు తిరిగాడు?

ఇరవై రెండో నమోదు

విడిపించడానికి దారి ఉందట. ఇంటి మనిషి స్వయంగా గేటు దగ్గరికి వెళ్లాలి. ఫలానా మనిషి మా లంకవాడేనని సంఘం కాగితం ఇవ్వాలి. భాస్కరం గారు 'పెసింగి పోలయ్య' అని కాగితం రాసి ముద్ర వేశారు. వేశాక నన్ను పక్కకి పిలిచారు.

"ఆ ఫోను పట్టుకున్నది పోలయ్య కాకపోతే ఏం చేస్తారమ్మా?"

"మీకూ అనుమానమేనాండి?"

"నాకేమీ తెలియదు. అడుగుతున్నాను."

నాకూ తెలియదన్నాను. కాసులమ్మని అడగడానికి నోరు రాలేదు. ఆమె కొత్త లుంగీ, ఉతికిన చొక్కా, డబ్బాలో పులిహోర సర్దుకుని అప్పటికే పడవలో కూర్చుంది.

ఇరవై మూడో నమోదు

ఇది తీరిగ్గా రాస్తున్నాను, మరచిపోకూడదని.

మెట్ట ఒడ్డు నల్లరాళ్ల కట్ట. దాని మీద ఇనుప గేటు. గేటు మనిషి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి లోపలికి కేకేశాడు. మేము ఎండలో నిలబడ్డాం. ఇటువైపు గాలిలో ఉప్పు లేదు, దుమ్ము ఉంది. నాకు దగ్గు వచ్చింది. కాసులమ్మ డబ్బా గుండెకి ఆనించుకుని లోపలికే చూస్తోంది.

వచ్చిన మనిషికి ముప్పై ఏళ్లుంటాయేమో. బక్కగా, చామనఛాయగా ఉన్నాడు. మెడలో తాడుకి ప్లాస్టిక్ కవర్లో ఫోను వేలాడుతోంది. పోలయ్యన్న నాకు తెలుసు. నిండు మనిషి, తల నెరిసింది.

అతను మమ్మల్ని చూసి దూరంగానే ఆగిపోయాడు. కాసులమ్మ ముఖం చూసి తల దించుకున్నాడు.

గేటు మనిషి అడిగాడు. "పెసింగి పోలయ్య. మీ ఆయనేనా?"

కాగితంలో ఉన్నది ఒక్క పేరే. కాదంటే ఆ కాగితం చెల్లదు. పేరు లేని మనుషుల్ని అక్కడినుంచి ఇంకా లోపలికి, రాతి క్వారీలకి తోలేస్తారని భాస్కరం గారు ముందే చెప్పారు.

"ఏమ్మా, మిమ్మల్నే. ఇతనేనా?"

"ఆయ్" అంది కాసులమ్మ. "ఈయనే."

"మీకంటే చిన్నగా ఉన్నాడే."

"తిండి సరిగా ఎట్టకపోతే మనిషి తగ్గిపోడేటండి."

గేటు మనిషి వేలిముద్ర వేయించుకున్నాడు. కాసులమ్మ ముందుకెళ్లి ఆ మనిషి మోచెయ్యి పట్టుకుని, "రా" అంది. కట్ట దిగి పడవెక్కేదాకా చెయ్యి వదల్లేదు.

ఒడ్డు కనుమరుగయ్యాక అతను పడవ అడుగున మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"వదినా, నేను..."

"ముందు తిను" అంది కాసులమ్మ, డబ్బా మూత తీసి. "తిన్నాక సెప్పు."

అతను తినలేకపోయాడు. రెండు ముద్దలు మింగి చెప్పడం మొదలుపెట్టాడు. మా సంఘం కిందికే వచ్చే పైలంక నుంచి ఆ ఒక్క వేటకే పోలయ్య పడవలో కూలికి ఎక్కాడట. పడవ విరిగాక ఇద్దరూ ఒకే పీపా పట్టుకున్నారు. పోలయ్యకి దెబ్బ తగిలింది. తెల్లారేముందు, ఫోను కవరు తన మెడలోంచి తీసి ఇతని మెడలో వేశాడు.

"ఏవన్నాడు?" అంది కాసులమ్మ.

"తడవనీకు అన్నాడు వదినా. అంతే. సూసేసరికి పీపాకి అటేపు లేడు."

కాసులమ్మ డబ్బా మూత మళ్లీ పెట్టింది. నేను చుక్కాని సరిచేశాను.

"ఆయనకి ముందునించీ మాట పొదుపు" అంది.

"ఒడ్డునడ్డాక ఫోనులో పేరు సూసి నన్ను ఆ పేరే రాసుకున్నారు. నిజం సెప్తే క్వారీకి తోలేత్తారని అక్కడోళ్లు సెప్పేరు. సంగంవోళ్ల మెయిళ్లు వత్తుంటే ఊసుపోక సదివేవోణ్ణి. ఆ తరవాత మీయి రావడం మొదలెట్టేయి." అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "అయ్యి నాయి కావని తెలుసు. తెరవకూడదనుకునేవోణ్ణి. మద్దేనం పని ఆపగానే తెరిసేసేవోణ్ణి. పీతల కూర సంగతి మా గదిలో అందరికీ సదివి ఇనిపించేను. తప్పే వదినా."

"పెళ్లి సంగతి అడిగితే రెండూ తెరిసేవు."

"నాకు తెలీదు కదండీ. ఒకటి తెరిత్తే తప్పవుద్దేమో, మీరింక రాయరేమోనని..."

"అప్పుడే తెలిసింది నాకు" అంది కాసులమ్మ.

నేను ఆమెకేసి తిరిగాను. "నిజంగా ఆ రోజు ఎండా, వానా, అక్కా?"

"ఏదీ లేదు. మబ్బు. రోజంతా మబ్బు ఎట్టుకునుంది, సుక్క రాలలేదు. ఆయనైతే ఏదీ తెరవకుండా ఊరుకునేవోడు."

"తెలిసీ రాయించావా? తెలిసీ ఇంత దూరం వచ్చావా?"

"లోపల ఎవరో ఒకరున్నారు కదమ్మా" అంది, అదేదో చాలా మామూలు సంగతన్నట్టు. "రాత్తే సదూతన్నాడు. ఇంకేటి సెయ్యమంటావు."

నాకు అంతా అర్థమైందని చెప్పను. ఆమె తెచ్చిన చొక్కా పోలయ్యన్నది కాదనీ, ఎవరిదో అడిగి తెచ్చిందనీ అప్పుడే చూశాను. అన్నీ తెలిసే సర్దుకుంది. మరి గేటు దగ్గర ఆమె అంతసేపు లోపలికి ఎందుకు తేరిపార చూసిందో నాకు తెలియదు. అది అడగలేదు.

కొత్తలంక మలుపు దగ్గరికి వచ్చాక, పైలంకలో ఎవరున్నారని ఆమె అతన్ని అడిగింది.

"మాయమ్మ ఒక్కతే."

"ముందు కబురు పంపుదామా అక్కా?" అన్నాను. "ఆవిడ చిరునామా మన జాబితాలో ఉంటుంది."

"వద్దు. అది తెరిసేదెవురో, సదివేదెవురో. ఎల్దాం."

పడవ ఎడమకి తిప్పాను.

పైలంక చేరేసరికి ఎండ మెత్తబడింది. చివరి తెప్ప మీద ఒక ముసలావిడ వంగి, ముంతతో నీళ్లు తోడి పారబోస్తోంది. పడవ తగిలిన చప్పుడుకి తలెత్తి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుంది. చూపు ఆనడం లేదు.

"ఎవురది? పొరలోళ్లా? మార్సేనమ్మా, మార్సేను."

అతను పడవలో లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. ఇన్నాళ్లూ ఇంకొకరి పేరుకి పలికిన నోరు. మళ్లీ ప్రయత్నించాడు.

"నేనేనమ్మా. నాగేసుని."

ముసలావిడ చేతిలో ముంత నీళ్లలో పడి తేలుతూ పోయింది. అతను తెప్ప మీదికి దూకాడు. నేను ముంత అందుకుందామని వంగాను, అందలేదు.

కాసులమ్మ మాత్రం పడవలోంచి లేవలేదు. తెప్ప గుంజకి తాడు కడుతోంది. కట్టిన ముడి గట్టిగానే ఉంది. అయినా దాన్ని విప్పి, మళ్లీ కట్టింది. తెప్ప మీద ఆ ముసలావిడ కొడుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, ఎదురుగా ఉన్నవాణ్ణి, మళ్లీ మళ్లీ. కాసులమ్మ ముడి మీంచి చూపు ఎత్తకుండా వింటూ ఉండిపోయింది.